దీపముండగానే

2025 అక్టోబరు 28వ తేదీన భూగోళమునకు ఇరువైపుల రెండు తుపానులు నేలను తాకినవి. ఒకటి కరీబియన్ సముద్రములోని జమైకా ద్వీపము మీద విరుచుకుపడిన మెలిస్సా. రెండవది నరసాపురము సమీపమున ఆంధ్రతీరము దాటిన మొంథా. అక్కడ మధ్యాహ్నము, ఇక్కడ రాత్రి. గడియారములు వేరైనను కాలము ఇంచుమించు ఒక్కటే. బలములో మాత్రము రెండింటికిని పోలిక లేదు. మొంథా గాలి గంటకు నూరు కిలోమీటర్ల ప్రాంతమున వీచినది. మెలిస్సా గాలి రమారమి 295 కిలోమీటర్ల వేగమును అందుకొన్నది. మొంథా వలన కలిగిన నష్టమును రాష్ట్ర ప్రభుత్వము 5 వేల కోట్ల రూపాయలకు పైగా లెక్క కట్టినది. జమైకా నష్టమును ప్రపంచ బ్యాంకు, అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు కలిసి 880 కోట్ల డాలర్లుగా అంచనా వేసినవి. అది ఆ దేశపు ఒక సంవత్సరపు ఉత్పత్తిలో నూటికి 41 వంతులు.

గాలి వెలిసిన మరునాడు రెండు చోట్లను జనము అడిగిన ప్రశ్నలు రెండే. కరెంటు ఎప్పుడు వచ్చును? సాయపు సొమ్ము ఎక్కడ నుండి వచ్చును? పరిపాలనలో ఈ రెండును వేర్వేరు శాఖలకు చెందినవి. ఇంధన విధానము ఒక కార్యాలయములో, విపత్తు సహాయము మరొక కార్యాలయములో తయారగును. కాని బాధపడిన కుటుంబము దృష్టిలో అవి రెండు ప్రశ్నలు కావు.

సముద్రమునకు సుదూరముగా, పెనుకొండ కొండల నీడన ఉన్న సోమందేపల్లి వంటి ఊరికి ఈ చర్చతో ఏమి పని అని అనిపించవచ్చును. ఇక్కడికి తుపాను రాదు. వచ్చునది కరవు. తుపాను ఒక రాత్రిలో చేయు పనిని కరవు మూడు నాలుగు ఏండ్లలో చేయును. తేడా వేగములోనే గాని ఫలితములో లేదు. పైగా ఇక్కడ కూడ ఆ రెండు ప్రశ్నలే వినవచ్చును: కరెంటు ఎన్ని గంటలు? పరిహారము ఎప్పుడు?

ముందుగా దాచిన సొమ్ము

జమైకా చిన్న దేశము. విభజనకు ముందటి అనంతపురము జిల్లా విస్తీర్ణములో సగమునకు కొంచెము మించును. జనసంఖ్య రమారమి 28 లక్షలు. ఆ దేశము ఏటా జూను నుండి నవంబరు వరకు ఆకాశము వైపు చూచుచు బ్రతుకును. అందుచేత ఆపద వచ్చిన తరువాత చేయి చాచుట కంటె ముందే సొమ్ము ఏర్పాటు చేసికొనుట మేలని అది గ్రహించినది. కొంత సొంత పొదుపు. కొంత అవసరమైనప్పుడు తీసికొనుటకు ముందుగా కుదుర్చుకొన్న అప్పు. కొంత 2007లో కరీబియన్ దేశములు కలిసి నెలకొల్పుకొన్న ఉమ్మడి బీమా. చివరిది ‘విపత్తు బాండు’.

ఈ విపత్తు బాండు విద్యార్థులు తెలిసికొనదగిన విషయము. మదుపుదారులు కొంత సొమ్మును ఒక నిర్ణీత కాలమునకు అప్పగింతురు. ఆ కాలములో ఒప్పుకొన్నంత తీవ్రమైన తుపాను రాకపోయినచో వారికి అసలు, వడ్డీ ముట్టును. వచ్చినచో అసలు సొమ్ము ఆ దేశమునకు చెందును. ఎంత నష్టము జరిగినదో ఇంటింటికి తిరిగి లెక్కించుట ఉండదు. తుపాను కేంద్రమున వాయుపీడనము ఎంతకు పడిపోయినది, అది ఏ దారిన నడచినది అను రెండు కొలతలే తీర్పు చెప్పును. మెలిస్సా తరువాత ఈ బాండు క్రింద జమైకాకు 15 కోట్ల డాలర్లు పూర్తిగా లభించినవి. ఉమ్మడి బీమా నుండి మరి 7 కోట్ల డాలర్లకు పైగా త్వరితముగనే చేరినది. శిథిలములు తొలగించుటకు, మందులు, ఆహారము అందించుటకు ఆ సొమ్ము పనికివచ్చినది.

ఐతే ఈ ఏర్పాటును చూచి మురిసిపోవుటకు ముందు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, బాండు, ఉమ్మడి బీమా కలిసి తెచ్చిన ఈ సొమ్ము నష్టములో నూటికి మూడు వంతులైనను కాదు. అది గాయమునకు కట్టిన మొదటి కట్టు మాత్రమే, చికిత్స కాదు. రెండవది, కొలబద్ద సంగతి. 2024 జూలైలో బెరిల్ అను తుపాను జమైకా దక్షిణతీరమును రాచుకొని పోయినది. ఇండ్లు పడినవి, పంటలు పోయినవి. కాని ఒప్పందములో వ్రాసుకొన్నంతగా వాయుపీడనము పడిపోలేదు. కాబట్టి బాండు నుండి ఒక్క డాలరైనను రాలేదు. నష్టము నిజమే, కొలత నిండలేదు.

ఈ ‘కొలత నిండని నష్టము’ అనంతపురము రైతునకు కొత్త కాదు. వాతావరణ ఆధారిత బీమాలో తీర్పు చెప్పునది చేను కాదు, వానకొలత యంత్రము. ఎద్దు కొమ్ములలో ఒకటి తడిసి ఒకటి తడవని వానలు కురియు సీమ ఇది. యంత్రమున్న చోట జల్లు పడి, రెండు క్రోసుల దూరమున వేరుసెనగ ఊడలు భూమిలోనికి దిగక మాడిపోవుట ఇక్కడ తరచుగా జరుగు విషయమే. జమైకాలో వాయుపీడనము ఏ పని చేసినదో ఇక్కడ మండలపు వానకొలత ఆ పనే చేయుచున్నది.

తీగ తెగిన తరువాత

రెండవ ప్రశ్న కరెంటునకు సంబంధించినది. మెలిస్సా తాకిన దినమున జమైకాలో నాలుగింట మూడు వంతుల వాడకందారులు చీకటిలో మిగిలిరి. తీగల వ్యవస్థను తిరిగి నిలబెట్టుటకు అక్కడి విద్యుత్ కంపెనీకి ప్రభుత్వమే అప్పు ఇవ్వవలసి వచ్చినది. ఒక చేత బీమా సొమ్ము అందుకొని, రెండవ చేత తీగలకు స్తంభములకు అప్పు పెట్టినట్లయినది. విద్యుత్ వ్యవస్థను గాలికి తట్టుకొనునట్లు ముందుగా నిర్మింపకపోయినచో విపత్తు నిధి ఎంతున్నను చాలదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

చీకటి కేవలము అసౌకర్యమైనచో సహింపవచ్చును. 2017 సెప్టెంబరులో మరియా తుపాను ప్యూర్టో రికో ద్వీపమును తాకినప్పుడు మొదట ప్రకటించిన మృతుల సంఖ్య 64. తరువాత ఒక విశ్వవిద్యాలయము చేసిన పరిశీలన ననుసరించి ప్రభుత్వము ఆ సంఖ్యను 2,975గా సవరించినది. ఈ తేడాలోని వారందరును గాలికి ఎగిరిపోయినవారు కారు. నెలల తరబడి కరెంటు లేనందున ఆస్పత్రులలో యంత్రములు ఆగి, మందులు చెడి, మంచినీరు అందక, వైద్యము దూరమై క్రమముగా అసువులు బాసినవారు అందులో అనేకులు. అచట చివరి ఇండ్లకు వెలుగు చేరుటకు ఇంచుమించు పదకొండు నెలలు పట్టినది.

ఆంధ్రదేశమునకు ఈ పాఠము విశాఖపట్టణములో లభించినది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేలమంది మరణించిరి. ఆ తరువాత ముందస్తు హెచ్చరికలు, తుపాను రక్షణ కేంద్రములు, జనులను తరలించు పద్ధతి క్రమముగా మెరుగుపడినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒక మహానగరమునే తాకినను ప్రాణనష్టము దివిసీమతో పోల్చదగినది కాదు. కాని విద్యుత్ స్తంభములు, టవర్లు నేలకొరిగి నగరము రోజుల తరబడి చీకటిలో ఉన్నది. రాష్ట్రము చూపిన నష్టము 21 వేల కోట్ల రూపాయలకు పైగా; ప్రధానమంత్రి వెంటనే ప్రకటించిన తాత్కాలిక సహాయము 1,000 కోట్లు. తరువాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో కొంత మేరకు విద్యుత్ తీగలను భూగర్భమునకు దింపిరి. మనుష్యులను కాపాడుట నేర్చుకొన్న రాష్ట్రము వెలుగును కాపాడుట అప్పుడు ఆరంభించినది. అదియు అప్పు సొమ్ముతో, ఆపద తరువాత.

మారిషస్ పేరులో ఉన్న పాఠము

తెలుగువారికి బంధుత్వమున్న ద్వీపమొకటి ఈ విషయములో ముందు నడచినది. హిందూ మహాసముద్రములోని మారిషస్‌కు పందొమ్మిదవ శతాబ్దిలో చెరకు తోటల కూలీలుగా తెలుగువారు ఓడలెక్కి పోయిరి. గోదావరి ముఖద్వారమునకు దగ్గరనున్న కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ ‘కొరింగీ’లని పిలిచిరి. ఆ కోరంగి రేవే 1789లోను, 1839లోను ఉప్పెనల పాలైనది. కోరంగి ఉత్పాతమును గ్రంథస్థము చేసిన హెన్రీ పిడింగ్టన్ అను కలకత్తా అధికారియే 1848లో ఈ గాలివానలకు ‘సైక్లోన్’ అను పేరు పెట్టినాడు. తుపాను రేవు విడిచి తుపాను ద్వీపమునకు చేరిన ఆ కూలీల సంతతి నేటికిని అక్కడ బడులలో తెలుగు చదువుకొనుచున్నది. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగినది ఆ దేశముననే.

ఆ ద్వీపమున 1946లో, అనగా స్వాతంత్ర్యమునకు 22 సంవత్సరములు ముందు, చెరకు రైతుల కొరకు ఒక బీమా నిధి ఏర్పడినది. దాని తొలి పేరు ‘తుపాను, అనావృష్టి బీమా నిధి’. రైతులు, మిల్లుల వారు మంచి ఏండ్లలో దానికి చందా చెల్లింతురు. చెడ్డ ఏట అది వారికి పరిహార మిచ్చును. 1960 జనవరిలో ఆలిక్స్, ఫిబ్రవరిలో కరోల్ అను తుపానులు వరుసగా వచ్చినప్పుడు ఆ ఏటి పంచదార ఉత్పత్తి క్రిందటి ఏటిలో సగమునకు పైగా పడిపోయినది. ఐనను ద్వీపములోని చెరకు సాగు అంతరింపలేదు. నిధి అప్పటికి పదునాలుగేండ్ల వయస్సు గలదై సిద్ధముగా ఉన్నది.

రెండవ విశేషము ఇంధనమునకు చెందినది. చెరకు పిండగా మిగిలిన పిప్పిని మండించి మిల్లులు తమ యంత్రములను నడుపుకొనుటయే గాక, 1957 నుండి మిగులు విద్యుత్తును ప్రజల వాడుకకు అమ్మ నారంభించినవి. అనగా ఒకే పంట తిండికి, ఆదాయమునకు, వెలుగునకు ఆధారమైనది. ఆ పంటకే బీమా రక్షణ కలిగినది. ఇది సంపూర్ణ విజయమని చెప్పుటకు వీలులేదు. చెరకు లేని నెలలలో ఆ కొలిమిలలోనే దిగుమతి బొగ్గు మండుచున్నది; నేటికిని ఆ దేశపు విద్యుత్తులో అధికభాగము విదేశపు బొగ్గు, చమురు మీదనే ఆధారపడి ఉన్నది. ఐనను ఆ నిధి పేరు మరవరానిది. తుపానును, అనావృష్టిని ఒకే పద్దులో వ్రాసినారు వారు. రెండును రైతు పాలిటికి ఒకే ఆపద అని 1946లోనే అంగీకరించినారు.

పేరులేని కరవు నిధి

ఇక సోమందేపల్లి సీమకు వత్తము. అనంతపురము ప్రాంతమున సాలుకు సగటున కురియు వాన రమారమి 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమల ఆవలనే చాలమట్టుకు వర్షించి, తేలికపడి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున వర్షించి, అలసి వచ్చును. నడుమ మిగిలిన ఈ ఎర్రనేలల క్రింద నల్లరాయి. రాతిపగుళ్లలో నిలిచిన నీరే భూగర్భజలము. ఉత్తర చూసి ఎత్తర గంప అను సామెత ఈ సీమ బ్రతుకును ఒక్క మాటలో చెప్పును. ఉత్తరకార్తె నాటికి వాన పడకపోయినచో గంప నెత్తిన పెట్టుకొని ఊరు విడుచుటే. నేడు ఆ గంప బెంగుళూరు బస్సెక్కుచున్నది.

ఒకప్పుడు ఇక్కడ చెరువు, దిగుడుబావి, కపిల ఉండెను. ఎద్దులు లాగు కపిలకు బావి ముప్పది అడుగులు మించి లోతున్నచో పని కష్టము. అదే ఒక హద్దుగా పనిచేసినది. ఎద్దు లాగగలిగినంత నీరే రైతు తోడుకొన్నాడు. బోరుబావి, విద్యుత్ మోటారు ఆ హద్దును తుడిచివేసినవి. ముప్పది అడుగుల నుండి తోడు నీటిని ఆరువందల అడుగుల నుండి తోడవలెనన్న ఇరువది రెట్లు శక్తి కావలెను. ఇది భౌతికశాస్త్రపు లెక్క. దీనికి ఏ ప్రభుత్వపు రాయితీయు వర్తింపదు. వెయ్యి లీటర్ల నీటిని ఆ లోతునుండి పైకి తెచ్చుటకు సిద్ధాంతరీత్యా అర యూనిట్టు విద్యుత్తు చాలును. మోటారు, గొట్టముల నష్టములు కలిపినచో ఒక యూనిట్టుకు దగ్గరకు వచ్చును.

ఈ లెక్కకు రాజకీయ చరిత్ర జతపడినది. 1980 దశకపు తొలినాళ్లలో తెలుగుదేశము ప్రభుత్వము మీటరు తొలగించి, మోటారు అశ్వశక్తిని బట్టి సాలుకు ఇంత అను పద్ధతి తెచ్చినది. 2000 ఆగస్టులో విద్యుత్ చార్జీల పెంపునకు వ్యతిరేకముగా హైదరాబాదులో జరిగిన ఆందోళన బషీర్‌బాగ్ కాల్పులతో రక్తసిక్తమైనది. 2004 మేలో వచ్చిన కొత్త ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తును ప్రకటించినది. ఆ తరువాత ఏ ప్రభుత్వమును దానిని వెనుకకు తీసికొనలేదు. ఏటేట వేల కోట్ల రూపాయలు ఖజానా నుండి పంపిణీ సంస్థలకు చెల్లుచున్నవి.

ఈ వ్యయమును లెక్కల పుస్తకములో ‘ఇంధన రాయితీ’ అని వ్రాయుదురు. యథార్థమునకు కరవు సీమలలో అది పేరు మార్చుకొన్న కరవు నిధి. వాన పడని ఏట రైతు చేనును నిలబెట్టినది విపత్తు శాఖ చెల్లించిన పరిహారము కాదు, విద్యుత్ శాఖ పంపిన కరెంటు. పరిహారము ప్రకటనలకు, సర్వేలకు, జాబితాలకు ఎదురుచూచును. కరెంటు ఆ రాత్రికే మోటారును తిప్పును. కాబట్టి రైతు దేనిని నమ్మెనో ఆశ్చర్యపడ నక్కరలేదు. 

ఐతే ఈ నిధిలో మూడు లోపములున్నవి. బోరు ఉన్నవానికే అది అందును. వానమీద ఆధారపడిన మెట్టరైతుకు, కౌలుదారుకు, కూలీకి అందదు. ఎంత లోతున తోడిన అంత సాయము లభించును గాన, నీరు తరిగిన కొలది వ్యయము పెరుగును. అన్నిటిని మించి, అది ఆపదను తగ్గింపదు, వాయిదా వేయును. నేటి కరవును దాటుటకు తోడిన నీరు రేపటి కరవునకు మిగులదు. వట్టిపోయిన బోరు ప్రక్కన మరొక బోరు వేయుటకు చేసిన అప్పును ఏ రాయితీయు తీర్చలేదు. ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వినట్లు అని సామెత చెప్పిన పెద్దలు, ఆ బావి త్రవ్వుటకు అప్పు చేసి ఇల్లు పోగొట్టుకొను రోజును ఊహించి ఉండరు.

కాలువ నీరు వచ్చినను లెక్క మారదు. హంద్రీ-నీవా పథకము కృష్ణాజలములను శ్రీశైలము వెనుకనీటి నుండి, మాల్యాల వద్ద మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎత్తి ఈ సీమకు తెచ్చుచున్నది. పెనుకొండ చెంత గొల్లపల్లి జలాశయము నిండుట ఆ ఎత్తిపోతల ఫలమే. శ్రీశైలము నిండుమట్టము 885 అడుగులు. హిందూపురము సముద్రమట్టమునకు రమారమి 2 వేల అడుగుల ఎత్తున ఉన్నది. ఒక టి.ఎం.సి. నీరు వెయ్యి అడుగులకు పైగా ఎక్కవలెనన్న రమారమి మూడు కోట్ల యూనిట్ల విద్యుత్తు కావలెను. ఆ నీరు రావలసినదే. దానికై ఈ సీమ దశాబ్దములు ఎదురుచూచినది. కాని భూమిలోనుండి వచ్చినను, కృష్ణనుండి వచ్చినను ఇక్కడ నీరనగా కరెంటు అని మాత్రము మరవరాదు. ఇచట ఇంధన విధానమే కరవు విధానము.

పాత నిధి, పాత కాలువ

ముందుగా సొమ్ము దాచుట ఈ దేశమునకు క్రొత్త ఊహ కాదు. 1876–78 ధాత కరవు అప్పటి బళ్లారి జిల్లాలోనున్న ఈ తాలూకాలను కూడ పీల్చి పిప్పిచేసినది. దాని తరువాత బ్రిటిషు ప్రభుత్వము క్రొత్త పన్నులు విధించి, ఏటా కోటిన్నర రూపాయలు కరవు బీమా క్రింద ప్రత్యేకింతుమని మాట ఇచ్చినది. కొలది కాలములోనే ఆఫ్ఘన్ యుద్ధము వచ్చినది. కరవు పేర వసూలైన పన్ను యుద్ధపు ఖర్చులో కలిసిపోయినదని నాటి దేశనాయకులు ఎలుగెత్తి విమర్శించిరి. నిధి పెట్టుట ఒక ఎత్తు, పెట్టిన నిధిని తాకకుండుట ఒక ఎత్తు అని ఆనాడే తేలినది.

అంతకు అయిదు వందల ఏండ్లనాటి మాట మరొకటి కలదు. 1388 నాటి శాసనము ప్రకారము విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు, ప్రజలకు నీరే ప్రాణాధారమని తలచి, పెన్న నీటిని కాలువ ద్వారా పెనుకొండకు తెప్పింపుమని జలసూత్రము నెరిగిన సింగాయభట్టును ఆజ్ఞాపించినాడు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము మంచి చెరువునకు ఉండవలసిన అంగములను, ఉండరాని దోషములను వరుసగా చెప్పుచున్నది. ఆనాటి కాలువ వాలున పారినది, యంత్రముల నెక్కలేదు. ఆనాటి జనసంఖ్యకు సరిపడిన ఏర్పాటు నేటికి చాలునని ఎవరును అనరు. కాని ఒక సూత్రము నాటికిని నేటికిని ఒక్కటే. కరవు వచ్చిన తరువాత చేయు వ్యయము కంటె రాకముందు చేయు వ్యయము చౌక.

ఇప్పటి అవకాశము

2005 విపత్తు నిర్వహణ చట్టము తరువాత దేశములో నిధులకు ఒక క్రమము ఏర్పడినది. 15వ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు గల అయిదేండ్లకు రాష్ట్రముల విపత్తు నిధులకు మొత్తము 1,60,153 కోట్ల రూపాయలు సిఫార్సు చేసినది. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రములలో అందు మూడు వంతులు కేంద్రమువి, ఒక వంతు రాష్ట్రమువి. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు, ఆ మొత్తములో ఐదవవంతును ఆపద తరువాతి సాయమునకు గాక, ఆపదను ముందుగా తగ్గించు పనులకు వేరుచేయుట. 2026 ఏప్రిలు నుండి 2031 వరకు గల కాలమునకు 16వ ఆర్థిక సంఘపు సిఫార్సులు వర్తించును. కాబట్టి ఈ ఐదవవంతు సొమ్మును దేనికి వ్యయపరచవలెనను చర్చ జరుగవలసిన సమయమిదే. తీరమున అది భూగర్భ తీగలు కావచ్చును, మడ అడవులు కావచ్చును; ఈ సీమలో అది చెరువు పూడికతీత, కాలువల మరమ్మతు, ఊటకుంట కావలెను.

రెండవది కొలబద్ద. 2016లో కేంద్రము సవరించిన కరవు నియమావళి ప్రకారము వర్షపాతము, నేల తేమ, పంట స్థితి మొదలైన సూచికలను పరీక్షించి, కరవు ‘తీవ్రము’ అని తేలినప్పుడే జాతీయ నిధి తలుపు తెరచుకొనును. ‘మధ్యమము’ అయిన కరవును రాష్ట్రమే భరించుకొనవలెను. 2023 ఖరీఫులో రాష్ట్రములో 103 మండలములను కరవు మండలములుగా ప్రకటించినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా మండలములును అందు చేరినవి. జాబితాలో చేరిన మండలపు పొలిమేర ఇవతలను అవతలను ఆకాశము ఒక్కటే. సాయము మాత్రము గీత దగ్గర ఆగును. బెరిల్ తరువాత జమైకా రైతుకు కలిగిన నిస్పృహయే ఇదియు. కొలబద్ద లేకుండ నిధి నడువదు. కాని కొలబద్ద పొలమునకు ఎంత దగ్గరగా ఉన్నచో న్యాయము అంత దగ్గరగా ఉండును.

మూడవది కరెంటు. ఉచిత విద్యుత్తును ఒక్క కలపు పోటుతో తీసివేయుమనుట సులభము. దానిమీద నిలిచిన కుటుంబములకు అది మరొక తుపాను. తీసివేయుట కాక, రూపు మార్చుట వివేకము. పంజాబు రాష్ట్రము 2018లో, కేటాయించిన కరెంటులో రైతు ఆదా చేసిన ప్రతి యూనిట్టుకు నాలుగు రూపాయలు అతనికే చెల్లించు పథకమును ప్రయోగాత్మకముగా ఆరంభించినది. 2019 నాటి కేంద్ర పథకము రైతుల మోటారులకు సౌరవిద్యుత్తును అందించుటకు తోడ్పడుచున్నది. ఇక ఎండకు ఈ జిల్లాలో కొదవ లేదు. కదిరి సమీపమున నంబులపూలకుంట సౌరక్షేత్రములో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ 250 మెగావాట్ల కేంద్రమును నిర్మించినది. రామగిరి కొండలమీద మూడు దశాబ్దములుగా గాలిమరలు తిరుగుచున్నవి. చేనును ఎండగట్టిన సూర్యుడే దూరపు నగరములకు దీపము వెలిగించుచున్నాడు. ఆ వెలుగులో కొంత పగటిపూట ఇక్కడి మోటారుకే చేరి, మిగిల్చిన యూనిట్టుకు రైతు చేతిలో రూపాయి పడినచో, నీటిని మిగుల్చుట త్యాగము గాక లాభమగును.

ఇది సాధ్యమా అని సందేహించువారికి ఈ సీమలోనే సమాధాన మున్నది. 2000 దశకములో అనంతపురముతో సహా ఏడు కరవు జిల్లాలలో రైతులే స్వయముగా భూగర్భజలమును కొలుచుకొను కార్యక్రమము ఒకటి నడచినది. ఊరి వానకొలత ఎంత, బావులలో మట్టమెంత, ఈ ఏట ఉన్న నీటికి ఏ పంట తగును అని రైతులు, రైతుమహిళలు కలిసి కూర్చుండి నీటి బడ్జెట్టు వేసికొనిరి. వారిని ఎవరును శాసింపలేదు, జరిమానా వేయలేదు. లెక్క తమ చేతిలో ఉన్నప్పుడు చాలమంది పంట మార్చుకొనిరి.

ఆ లెక్కకు అన్నిటికంటె అనువైన స్థలము పాఠశాల. ఒక వానకొలత గిన్నె, ఒక పుస్తకము, ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు కొలిచి వ్రాయు ఇద్దరు విద్యార్థులు, ఊరి బావిలో నెలకొకమారు దారము దించి లోతు చూచు ఒక ఉపాధ్యాయుడు. అయిదేండ్లు గడచునప్పటికి ఆ ఊరి వానకు సాక్ష్యము ఆ ఊరిలోనే ఉండును. మండలపు యంత్రము ఒకటి చెప్పి చేను మరొకటి చెప్పినప్పుడు ఎత్తి చూపుటకు ఒక కాగితముండును. గణితమునకు, భూగోళమునకు, పౌరశాస్త్రమునకు వేరే ఉదాహరణలు వెదకవలసిన పనియు ఉండదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మని పెద్దలు చెప్పిరి. జమైకాకు ఆ దీపము ఒక బాండు. మారిషస్‌కు ఒక నిధి. సోమందేపల్లి సీమకు అది బోరులో ఇంకను మిగిలియున్న నీరు, తీగలో ఇంకను వచ్చుచున్న కరెంటు. అవి ఉండగనే లెక్క సరిచూచుకొనుట మంచిది.